భక్తి వేరు, ఆప్తత్వం వేరు

“హదీసులన్నీ కర్ణాకర్ణిగా వచ్చిన మాటలు, వాటికి ప్రామాణ్యమేమిటి?” అని మనవారిలో కొందరు ఒక్క వాక్యంతో కొట్టివేస్తూ ఉంటారు. మరుక్షణమే, తమ వాదానికి పనికివచ్చే హదీసు ఒకటి దొరికితే, అది ఏ శ్రేణికి చెందినదో విచారించకుండానే ఉదాహరిస్తారు. ఈ రెండూ వాదధర్మానికి విరుద్ధాలే. పూర్వపక్షాన్ని యథాతథంగా ఎరుగనివాడు ఖండించేది తాను కల్పించుకొన్న బొమ్మను మాత్రమే.

ప్రతి హదీసుకు రెండు అంగాలున్నాయి. ఎవరు ఎవరినుండి విన్నారో తెలిపే పరంపర ఇస్నాద్. చెప్పబడిన విషయం మత్న్. ముస్లిం సమాజంలో అంతఃకలహం చెలరేగిన తరువాతనే “నీకిది చెప్పినదెవరు?” అని అడగడం ఆచారమయిందని 729లో మరణించిన ఇబ్న్ సీరీన్ పేర్కొన్నట్లు ప్రసిద్ధి. ఆ ప్రశ్ననుండి పెరిగినదే జర్హ్-తాదీల్ అనే శాస్త్రం, అనగా కథకుల దోషనిరూపణమూ యోగ్యతానిర్ణయమూ.

ఆ పరీక్షలో ముఖ్యలక్షణాలు రెండు: అదాలత్ అనే సచ్ఛీలం, జబ్త్ అనే ధారణాపాటవం. మన నైయాయికులు సైతం ఆప్తునికి యథార్థజ్ఞానాన్నీ, దానిని ఉన్నదున్నట్లు చెప్పాలనే సంకల్పాన్నీ విధించారు. ఒకటి ఉండి మరొకటి లోపిస్తే వాక్యం ప్రమాణం కాజాలదు.

ఈ నియమాన్ని వారు దాక్షిణ్యం లేకుండా పాటించారు. అతా ఇబ్న్ అస్సాయిబ్‌కు వార్ధక్యంలో జ్ఞాపకశక్తి చెదిరింది. అంతకు పూర్వం విన్న శిష్యుల మాటను స్వీకరించి, తరువాత విన్నవారి మాటను శంకించారు. అలీ ఇబ్న్ అల్‌మదీనీ తన కన్నతండ్రినే దుర్బల కథకుడని నిర్ణయించాడని చెబుతారు. నూహ్ ఇబ్న్ అబీ మర్యమ్ వృత్తాంతం మరీ విచిత్రం. జనులు ఖురాన్ పఠనాన్ని విస్మరిస్తున్నారని చింతించి, అధ్యాయమాహాత్మ్యాలను పుణ్యబుద్ధితోనే కల్పించినట్లు అతడు ఒప్పుకొన్నాడట. ఉద్దేశం పవిత్రమైనదని హదీసు పండితులు క్షమించలేదు. అతనిని అసత్యవాదుల కోవలో చేర్చారు.

అయితే ఈ శాస్త్రం ఆక్షేపణకు అతీతమా? కాదు. 1449లో మరణించిన ఇబ్న్ హజర్ తన తఖ్‌రీబ్ గ్రంథంలో కథకులను 12 శ్రేణులుగా విభజించాడు. చివరిది అసత్యవాదులది, మొదటిది ప్రవక్త సహచరులది. సున్నీ సిద్ధాంతం ప్రకారం సహచరుల సచ్ఛీలం పరీక్షింపదగినది కాదు. అది ఖురాన్ ప్రశంసచేతనే సిద్ధం. షియా పండితులు దీనిని అంగీకరించరు. తక్కినవారందరికీ పరీక్ష విధించి, పరంపరకు మూలస్తంభమైన తరానికి మాత్రం శ్రద్ధచేత మినహాయింపు ఇవ్వడం యుక్తమా? ఖండించదలచినవాడు ఖండించవలసిన చోటు ఇది. ఇక్కడికి చేరాలంటే ముందు చెప్పినదంతా చదివి ఉండాలి.

చివరగా ఒక ఆత్మవిమర్శ. వ్యాసుని పేరిట, శంకరుల పేరిట నిత్యం మన చేతికి వచ్చే మూలం తెలియని శ్లోకాలను “భక్తిని పెంచుతున్నాయి కదా” అని పదిమందికి పంపుతున్నాం. నూహ్ చెప్పుకొన్న సమాధానం సరిగ్గా ఇదే. పరుల పరంపరను “చెప్పినదెవరు?” అని నిలదీసే నోరు, ఆ ప్రశ్నను ముందుగా తన చేతిలోని శ్లోకాన్ని అడగాలి.