పిల్లల రాతలు అచ్చుకి పంపేముందు

పిల్లలచేత కథలు, కవితలు రాయించి పుస్తకంగా వేసే టీచర్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. సొంత డబ్బు పెట్టుకుని మరీ వేసేవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ అచ్చుకి ఇచ్చేముందు పిల్లల ఇంట్లో ఒక మాట అడగాలి కదా?

"నాలుగు ముక్కలకి అనుమతి ఏమిటండీ, పేరు అచ్చులో వస్తే సంతోషించక!" అంటారు కొందరు. సంక్రాంతి గురించో, కుక్కపిల్ల గురించో అయితే ఎవరికీ పట్టింపు లేదు. 'మా ఇల్లు' అని రాయమంటే మాత్రం పిల్లలు ఉన్నదే రాస్తారు. నాన్న తాగొచ్చిన రాత్రి, వడ్డీకి తెచ్చిన అప్పు, అమ్మకీ నానమ్మకీ మాటల్లేని సంగతి. మా వీధిలో ఒకావిడ కూతురు అలాగే రాసింది. టీచరుకి తెగ నచ్చి పేరు, తరగతి, ఫొటోతో సహా వేసేశారు. తల్లి దాన్ని మొదట చూసింది పక్కింటావిడ ఫోనులో! "అది రాసింది నిజమే అక్కా. మా ఆయన కంట పడితే దాన్ని ఎవరు కాపాడతారు?" అంది నాతో.

చట్టం కూడా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాత మీద మొదటి హక్కు రాసినవాళ్లదే, చిన్నపిల్లలైనా సరే. అంశం ఇచ్చి, తప్పులు దిద్దినంత మాత్రాన అది టీచరుది అయిపోదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైతే 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది.

జూన్‌లో అడ్మిషన్ కాగితాలతో కలిపి పెట్టించుకునే సంతకం దీనికి చాలదు. ఏ కథ, ఎవరి పేరుతో, పుస్తకంలోనా ఫేస్‌బుక్‌లోనా అన్నది చెప్పి అడగాలి. చదువురాని తల్లి అయితే ఆ పేజీ చదివి వినిపించాలి. పుస్తకమైతే కొన్ని కాపీలతో ఆగుతుంది. ఫోనులోకి ఎక్కిందంటే పిల్ల పెళ్లిచూపుల నాటికీ తిరుగుతూనే ఉంటుంది!

అలాగని పెత్తనమంతా మనదీ కాదు. "మా ఇల్లు చక్కగా ఉన్నట్టు మార్చి రాయించండి" అనే తల్లులూ ఉంటారు. వేయొద్దని చెప్పొచ్చు, పేరు మార్చమనొచ్చు. రాతని మార్చమనే హక్కు మనకి లేదు. అసలు ముందు అడగాల్సింది ఆ పిల్లనే. టీచరు మెచ్చుకుంటుంటే వద్దని చెప్పే ధైర్యం ఏ పిల్లకుంటుంది? అందుకే ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగాలి, ఒక రోజు గడువిచ్చి మళ్లీ అడగాలి.

ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో తాకరాని చోట తాకుతున్నారనో పిల్ల రాస్తే మాత్రం అది పుస్తకానికి పంపే కథ కాదు, సంతకానికి ఇంటికి పంపే కాగితమూ కాదు. 1098కి ఫోన్ చెయ్యండి టీచరు గారూ, ఆ రోజే.