కౌంటరు వెనక మనిషి

2022 డిసెంబరు చలి మీకు గుర్తుండే ఉంటుంది. జర్మనీ అంతటా పిల్లల జ్వరం సిరప్పులకి కటకట వచ్చిన చలికాలం అది. మా చిన్నదానికి ఒళ్ళు కాలిపోతోందని ఇంటి నుంచి ఫోను రాగానే, ఆఫీసు నుంచి నేరుగా జార్‌బ్రూకెన్‌లో మా వీధి చివరి మందుల షాపుకి పరిగెత్తాను. అరగంట క్యూ.

"పాప బరువెంత?" అని అడిగింది కౌంటరులో ఆవిడ. "డ్రైత్సేన్" అన్నాను, పదమూడు కిలోలని. ఆవిడ రెండుచోట్లకి ఫోన్లు చేసి, లోపలికెళ్ళి సీసాతో వచ్చి, మళ్ళీ "బరువెంతన్నారు?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇందాకే చెప్పానుగా!" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆవిడ నొచ్చుకోలేదు. "పొద్దుట్నించీ నిలబడే ఉన్నాను. అలసిపోయినప్పుడు నా చెవుల్ని నేను నమ్మను. డ్రైసిష్ అని విన్నానేమో అనిపించింది" అంది.

డ్రైసిష్ అంటే ముప్పై! ఈ మందు కొలత పిల్ల బరువుని బట్టే. నా నోరు మూతపడింది. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే బ్యాకప్ ఉంటుంది. పిల్లకి తాగించేసిన మందుకి బ్యాకప్ ఎక్కడిది?

ఆవిడ ఫార్మసిస్టు కాదు, "పి.టి.ఎ." అనే సహాయకురాలు. రెండున్నరేళ్ళ శిక్షణ పొంది, ఫార్మసిస్టు పర్యవేక్షణలో పనిచేస్తుంది. 2007 నుంచి ఇన్సూరెన్సు సంస్థలు కంపెనీలతో ఒప్పందాలు ఎక్కువగా చేసుకుంటున్నాయి కాబట్టి, ఎవరికి ఏ కంపెనీ మాత్ర ఇవ్వాలో ప్రతి చీటీకీ వెతకాలి. అది లేకపోతే బదులు చూడాలి. రంగు మారిందేమని అడిగేవాళ్ళకి నచ్చజెప్పాలి. 2008లో దేశంలో 21,600 పైగా ఉన్న షాపులు 2024 చివరికి 17,000 చిల్లరకి తగ్గాయి. పెట్టెకి 8.35 యూరోల రుసుము 2013 నుంచి పెరగలేదనీ, మందుల కొరత, కాగితాల పని ఎక్కువయ్యాయనీ 2023 జూన్ 14న దేశమంతటా షాపులు మూసి నిరసన తెలిపారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. పిల్లల బరువు, పడని మందులు చీటీ మీద రాసుకుని వెళ్తాం. రోజూ వాడే మందులు అయిపోకముందే అడుగుతాం. కౌంటరు దగ్గర సెల్‌ఫోను తీయం.

పిల్లలూ, మాకంటే మీకే జర్మన్ బాగా వచ్చు. ఈసారి అమ్మానాన్నలతో మందుల షాపుకి వెళ్ళినప్పుడు ఆవిడకి నవ్వుతూ "డాంకె" చెప్పండి. అడిగిందే మళ్ళీ అడిగితే మాత్రం నాన్నని విసుక్కోనివ్వకండి!