కొలబద్దలో కలిసిపోయిన భాష: ఉత్తర తెలంగాణ బడిపిల్లలు, అంశ ప్రతిస్పందన సిద్ధాంతం

పరీక్షల గణాంకశాస్త్రం మనోవిజ్ఞాన, విద్యాశాస్త్ర విభాగాల సొత్తు అనీ, తెలుగు శాఖలకు అందులో పని లేదనీ ఒక అభిప్రాయం మనలో స్థిరపడింది. ఇది వినయం కాదు, బాధ్యతను తప్పించుకోవడం.

2021 నవంబరు 12న జరిగిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే 3, 5, 8, 10 తరగతుల ఫలితాలను 500 స్కేలుపై జిల్లాలవారీ సగటులుగా ప్రకటించింది. కరీంనగర్, ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఆ పట్టికల్లో ఒక్కొక్క అంకెగా మిగిలాయి. ఇటువంటి స్కేలుకు ఆధారం అంశ ప్రతిస్పందన సిద్ధాంతం. దాని సరళరూపాన్ని డెన్మార్క్ గణితజ్ఞుడు జార్జ్ రాష్ 1960లో గ్రంథస్థం చేశాడు. విద్యార్థి సామర్థ్యం, ప్రశ్న కాఠిన్యం ఒకే కొలబద్దపై ఉంటాయి. రెండూ సమానమైతే సరైన జవాబుకు అవకాశం 50 శాతం. కాఠిన్యం ఒక ప్రమాణం ఎక్కువైతే అది 27 శాతానికి పడిపోతుంది. ఏ సమూహానికి పరీక్ష పెట్టినా ప్రశ్న కాఠిన్యం మారదన్నది ఈ సిద్ధాంతం గొప్పగా చెప్పుకొనే గుణం. అయితే అది షరతు మాత్రమే, నిరూపితమైన సత్యం కాదు. ప్రశ్నలన్నీ ఒకే సామర్థ్యాన్ని కొలిచినప్పుడే ఆ షరతు చెల్లుతుంది.

ఒక పఠనావగాహన ప్రశ్నను ఊహిద్దాం. “అక్కలు ఆవులను ఇంటికి తోలుకొచ్చారు. అవి బాగా అలసిపోయాయి.” ఇక్కడ ‘అవి’ అన్న మాట అక్కలను సూచిస్తుందా, ఆవులనా? తెలుగింటి పిల్లకు ఇది ప్రశ్నే కాదు. తెలుగు బహువచనంలో విభజన మనుషులకూ మనుషులు కానివాటికీ మధ్య ఉంది. గోండీలో అది పురుషులకూ తక్కినవారందరికీ మధ్య ఉంది. స్త్రీల బహువచనం పశువుల బహువచనంతోనే కలుస్తుంది. కాబట్టి తన మాతృభాషా వ్యాకరణాన్ని నమ్మిన గోండు బాలికకు రెండు జవాబులూ సాధ్యమే. ఆమె తర్కంలో లోపం లేదు. అయినా తగ్గేది ఆమె ‘అవగాహన’ మార్కు.

కరీంనగర్ సంగతి ఇంత తీవ్రం కాదు, కానీ జాతి ఒకటే. లెక్కలో ‘ఆలుగడ్డ’ స్థానంలో ‘బంగాళాదుంప’, ‘అంగి’ స్థానంలో ‘చొక్కా’ వచ్చినప్పుడు కూడికకు ముందే పిల్లవాడు ఒక అనువాదం చేసుకోవాలి.

దీనికి గణాంకవేత్తల దగ్గర సిద్ధంగా ఒక సమాధానం ఉంది: భేదాత్మక అంశ ప్రవర్తన పరిశీలన. మొత్తం మార్కులు సమానమైన రెండు సమూహాల పిల్లలను పోల్చి, ఒక సమూహానికి అకారణంగా కష్టమైన ప్రశ్నను ఏరివేస్తారు. మంచి పద్ధతే, కాదనను. కానీ పోలికకు ఆధారమైన ఆ మొత్తం మార్కులు వచ్చేది అదే పరీక్ష నుంచి. తప్పు ఒకటి రెండు ప్రశ్నల్లో ఉంటే పద్ధతి పట్టుకుంటుంది. ప్రశ్నలన్నిటి మీదా భాషాభారం సమానంగా పడితే ఏ ప్రశ్నా విడిగా కనిపించదు. ఆ భారమంతా ‘తక్కువ సామర్థ్యం’ పేరుతో పిల్లల ఖాతాలో చేరుతుంది. తూకపు రాళ్లన్నీ ఒకే మేర తేలికైతే ఏ రాయి తప్పో ఆ రాళ్లతోనే తేల్చలేం. పైగా కొలామీ వంటి చిన్న సమూహాల విషయంలో విశ్లేషణకు కావలసినన్ని జవాబుపత్రాలు దొరకడమే కష్టం.

బోధన తెలుగులోనే కదా, పరీక్ష తెలుగులో ఉంటే తప్పేమిటని అడిగేవారున్నారు. తెలుగు పరీక్షగా పేరు పెట్టి పెడితే తప్పు లేదు. గణితమనీ, తార్కిక శక్తి అనీ పేరు పెట్టి తెలుగును కొలవడమే తప్పు. హైమండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు, పిల్లవాడి భాషను చదువుకు ప్రవేశద్వారంగా గుర్తించారు. ఎనభై ఏళ్లు గడిచాక మన పరీక్షలు అదే భాషను దోషంగా లెక్కిస్తున్నాయి.

ప్రశ్నపత్రం ముద్రణకు వెళ్లకముందే ప్రతి వాక్యాన్నీ మాండలికం, లింగవచనాలు, సర్వనామాల దృష్టితో పరిశీలించి, ఉట్నూరు పిల్లల చేత ఆ ప్రశ్నను వారి మాటల్లో తిరిగి చెప్పించి చూడాలి. అందుకు కావలసింది వ్యాకరణం తెలిసిన మనిషి, గోండీ తెలిసిన మనిషి. మొదటివారు మన శాఖల్లో ఉన్నారు. రెండోవారికి మన శాఖల్లో ఎన్ని ఉద్యోగాలు ఇచ్చామో మనమే లెక్క చెప్పాలి.