వినబడితే సరిపోదు

"చూపు లేనివాళ్లకు సినిమాకేం లోటండీ, మాటలూ పాటలూ వినబడతాయి కదా!" ఈ మాట నేను ఎక్కువగా మంచివాళ్ల నోటనే విన్నాను. నొప్పించాలని ఎవరూ అనరు. అయినా అది తప్పు మాటే. ఆ సంగతి మా అక్క దగ్గర తెలుసుకున్నాను.

అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. ఆకాశవాణిలో సినిమాను మాటలతో, పాటలతో కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు. 'మాయాబజార్' మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నలభై దాటాక ఒకరోజు టీవీలో ఆ సినిమా వస్తోంది. ఘటోత్కచుడి భోజనం దగ్గర, లడ్డూలు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోతున్నాయని యథాలాపంగా అన్నాను. అక్క ఒక్కసారిగా ఇటు తిరిగింది. "లడ్డూలు ఎగురుతాయా? ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదేమిరా?" 1957 నుంచి తెలుగువాళ్లందరిదీ అయిన మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయ మా అక్కది కాలేదు.

అందులో కనీసం మాటలున్నాయి. 1987లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'పుష్పక విమానం'లో మాటే లేదు. 2012 నాటి 'ఈగ'లో నాయకుడు చాలాసేపు నోరులేని పురుగు. రెక్కల రొద, సంగీతం, హాలంతా ఈలలు! ఆ ఈలలు ఎందుకో తెలియక పక్కవాళ్ల మోచెయ్యి పట్టుకుని అడగాల్సిన మనిషికి ఆ సినిమా అందినట్టా?

పక్కవాళ్లు చెబుతారుగా అంటారు. నేను చెప్పాను, ఏళ్ల తరబడి. ఒకటి చెప్పేలోగా తర్వాతి మాట దాటిపోతుంది. గొంతు తగ్గిస్తే అక్కకు వినబడదు, పెంచితే వెనక వరసకు కోపం. ఓసారి వెనకనుంచి "ఇంట్లో కూర్చోబెట్టి రావచ్చుగా" అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు అక్క థియేటర్ గడప తొక్కలేదు.

దీనికి ఆడియో డిస్క్రిప్షన్ అనే పద్ధతి ఉంది. మాటకూ మాటకూ మధ్య దొరికే ఖాళీలో, తెర మీద జరుగుతున్నది ఒక గొంతు క్లుప్తంగా చెబుతుంది. "తలుపు వేసింది. గొళ్లెం పెట్టలేదు." అంతే. రాసేవాళ్లకు ఏది చెప్పాలో, అంతకంటే ముఖ్యంగా ఏది వదిలేయాలో తెలియాలి. ఫోన్‌లోని యాప్ హాల్లో వినిపించే శబ్దాన్ని పట్టుకుని, ఆ వర్ణనను సినిమాతో జత కలుపుతుంది. వినేవాళ్లకు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ చాలు, పక్క సీటుకు ఇబ్బందే లేదు. హరికథలో దాసుగారు ఒంటి గొంతుతో సభను మిథిలకు తీసుకుపోవడం ఎరిగిన జాతికి ఇది కొత్త విద్యేమీ కాదు.

చట్టమూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఆడియో డిస్క్రిప్షన్ ప్రస్తావన ఉంది. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు 'పఠాన్' ఓటీటీ విడుదలకు దీన్ని సిద్ధం చేయాలని ఆదేశించింది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్లకు మార్గదర్శకాలిచ్చింది. ఒకటికి మించిన భాషల్లో సెన్సార్‌కు వెళ్లే సినిమాలను ముందు వరసలో నిలబెట్టింది. మన పెద్ద సినిమాలు ఇప్పుడు వస్తున్నది అలాగే కదా! ఐదు భాషల్లో డబ్బింగ్ చెప్పించగలిగిన నిర్మాతకు ఇంకొక్క ట్రాక్ భారమంటే నేను నమ్మను. సినిమా అయిపోయాక గుర్తుకొచ్చే పని కాబట్టే అది భారంగా కనబడుతోంది. స్క్రిప్టు చేతికొచ్చిన రోజునుంచే లెక్కలో ఉంటే డబ్బింగ్‌తోపాటే అయిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే వాదన మరొకటి ఉంది. "ముందు చదువు, ఉద్యోగం; వినోదం తర్వాత చూద్దాం." రోజంతా ఇటుకలు మోసి సెకండ్ షోకి వెళ్లే కూలీని ఎవరైనా ఇలా నిలదీస్తారా? అలసిన ఒంటికి మూడు గంటల సంతోషం కావాలని అతని విషయంలో ఇట్టే అర్థమవుతుంది. మా అక్క ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేసింది, నాతోపాటే పూర్తి డబ్బులిచ్చి టికెట్ కొంటుంది. ఆమె సంతోషం మాత్రం ఏదో పథకంలో, ఏదో వరసలో చివర నిలబడాలా?

ఆ రోజు టీవీ కట్టేశాక కూడా అక్క వదల్లేదు. "ఒక్కొక్కటిగా ఎగురుతాయా, గుంపుగానా? ఆయన చేత్తో పట్టుకుంటాడా, నోరు తెరుచుకుని కూర్చుంటాడా?" సరిగ్గా గుర్తులేక ఆ సన్నివేశం వెతికి మళ్లీ పెట్టి, ఆపి ఆపి చూసి చెప్పాను.