ఇంటి పద్దు: నెక్సానా, బ్రెజ్జానా?

కారు కొనుగోలు గూర్చి ఈ శీర్షికలో వ్రాయవలసినదిగా పలువురు మిత్రులు కోరుచున్నను ఇంతకాలం దాటవేస్తూ వచ్చాము. తాము కొననిదే ఇతరులకు సలహా చెప్పుట ఉచితం కాదని మా సంకోచం. ఇప్పుడు కొన్నాము. కావున ధైర్యముగా వ్రాస్తున్నాము.

అసలు కొనవలసిన అవసరం 2025 ఆగస్టులో, ఒక ఆదివారం నాడు వచ్చినది. మా స్వగ్రామం నర్సీపట్నానికి ఆవల ఉన్నది. ఎనభై దాటిన మా అమ్మ అక్కడనే ఉంటున్నది. టౌన్‌షిప్ క్వార్టరులో ఊపిరాడదని ఆమె అభియోగం. నాలుగు రోజులుగా జ్వరమని కబురు రాగా, ఆమెను విశాఖపట్నం తీసుకొని వచ్చుటకు పన్నెండేళ్ళ నాటి మా చిన్న కారులో వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో, గెడ్డ మీది కల్వర్టు ప్రక్కన వానకు రోడ్డు కోసుకుపోయిన చోట, బండి అడుగుభాగం రాతికి ఆని నిలిచిపోయినది. పొలాల్లో ఉన్నవారు పరుగున వచ్చి ఎత్తి చూచారు, కదలలేదు. చివరకు ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరచి, దానిపై దుప్పటి వేసి, అమ్మను పడుకోబెట్టి, రెండు కిలోమీటర్ల దూరంలోని తారురోడ్డు వరకు తీసుకొని వెళ్ళాము. పైన గొడుగు పట్టుకొని మా శ్రీమతి. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనకపోవుటయే మమ్ము ఎక్కువ బాధించినది.

జ్వరం తగ్గినది. బండి మార్చవలెనన్న నిశ్చయం మాత్రం మిగిలినది.

మాకు పదవీ విరమణ ఇంకను మూడేళ్ళ దూరంలో ఉన్నది. ఏడేళ్ళ వాయిదాల అప్పు తీసుకొన్నచో నాలుగేళ్ళ భారం పింఛను మీద పడును. కావున పెద్ద బండ్ల వైపు చూడదలచుకోలేదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, ఎత్తైన అడుగుభాగం, ఐదుగురికి చోటు, నర్సీపట్నం వంటి ఊళ్ళకు చేరువలో మరమ్మతు సౌకర్యం – ఇవి మా షరతులు. వీటికి నిలిచినవి రెండు: మారుతి వారి బ్రెజ్జా, టాటా వారి నెక్సాన్. మొదటిది విటారా బ్రెజ్జా అను పేరుతో 2016లో వచ్చి, 2022లో కొత్త రూపం దాల్చినది. రెండవది 2017లో విడుదలై 2020లోను, 2023లోను మార్పులు పొందినది.

ఈ రెండింటినీ ఎస్.యు.వి. అని పిలుచుచున్నారు. మా తరం వారికి ఆ మాట వినగానే 1994లో వచ్చిన టాటా సుమో జ్ఞాపకం రాకమానదు. ఆ సంస్థకు సారథ్యం వహించిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోని అక్షరాలతో దానికా పేరు పెట్టారు. పెళ్ళివారిని, వారి సామానులను, కుదిరితే బాజాభజంత్రీలను కూడ ఎక్కించుకొని పోయిన బండి అది. నేటి ఈ రెండు వాహనాలు ఆ జాతివి కావు. రెండింటికీ ఇంజను శక్తి ముందు చక్రాలకు మాత్రమే అందును. నాలుగు చక్రాలను త్రిప్పు ఏర్పాటు లేదు. ఎత్తుగా లేపిన కార్లు అనుకొన్నచో సరిపోవును. అయినను మాకు కావలసినది ఆ ఎత్తే. నెక్సాన్ అడుగుభాగానికి, నేలకు నడుమ 208 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నది. బ్రెజ్జాది దానికి కొద్దిగా తక్కువ. మా గెడ్డ కల్వర్టును దాటుటకు రెండూ చాలును.

కొలతల పట్టికలు ముందుంచుకొని చూడగా ఒక విచిత్రం కనిపించినది. బద్ధశత్రువులైన ఈ రెండు బండ్ల పొడవూ సరిగ్గా 3,995 మిల్లీమీటర్లే! ఇది కాకతాళీయం కాదు. 2006 కేంద్ర బడ్జెటులో చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించి, పొడవు నాలుగు మీటర్లు మించరాదని, పెట్రోలు ఇంజను 1,200 సి.సి., డీజిలు ఇంజను 1,500 సి.సి. దాటరాదని నిర్ణయించారు. నాటినుంచి మన దేశంలో కార్ల రూపురేఖలను ఆర్థిక శాఖ వారే పరోక్షముగా తీర్చిదిద్దుచున్నారని చెప్పినను తప్పు లేదు.

ఈ నిబంధనయే మా లెక్కను తారుమారు చేసినది. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. మారి, పై మూడు షరతులకు లోబడిన కార్లపై 18 శాతము, తక్కిన వాటిపై 40 శాతము అయినది. నెక్సాన్ పెట్రోలు ఇంజను 1,199 సి.సి., డీజిలు ఇంజను 1,497 సి.సి. రెండూ గీతకు లోపలనే ఉన్నవి. బ్రెజ్జాది 1,462 సి.సి. పెట్రోలు ఇంజను. పొడవులో అది చిన్న కారే. ఇంజను పరిమాణంలో మాత్రం కాదు. అంతకు పూర్వం నెక్సాన్ పెట్రోలుపై సెస్సుతో కలిపి 29 శాతము, బ్రెజ్జాపై 45 శాతము పన్ను ఉండెడిది. ఇద్దరికీ తగ్గినది, అయితే వ్యత్యాసం 16 నుంచి 22 శాతానికి పెరిగినది. ఉదాహరణకు పన్నుకు ముందు ఎనిమిది లక్షల విలువ గల బండిని తీసుకొందము. 18 శాతము చొప్పున 9,44,000 రూపాయలు అగును. 40 శాతము చొప్పున 11,20,000 అగును. తేడా 1,76,000. ధర పెరిగిన కొలది జీవిత పన్ను, బీమా కూడ పెరుగును. కంపెనీలు తమ ధరలను ఎట్లు సర్దుకొన్నవన్నది వేరు సంగతి. ఒకే స్థాయి సౌకర్యాలు గల రెండు బండ్ల కొటేషన్లు తెచ్చి ప్రక్కప్రక్కన పెట్టి చూచువారికి ఆ తేడా ఎక్కడిదో తెలిసియుండుట మంచిది.

మా చిన్నవాడు మొదటినుంచి నెక్సాన్ పక్షము. మేము, నిజం చెప్పవలెనంటే, బ్రెజ్జా పక్షము. నాలుగు సిలిండర్ల ఇంజను, టర్బో లేదు, చప్పుడు తక్కువ, గొడవ తక్కువ. నెక్సాన్‌ది మూడు సిలిండర్ల టర్బో ఇంజను. యంత్రాలతో ముప్పది ఏళ్ళకు పైగా వేగినవారికి, విడిభాగాలు తక్కువైన కొలది నిద్ర ఎక్కువన్నది అనుభవం. దీనిపై ఇంటిలో భోజనాల వేళ జరిగిన వాదోపవాదాలు బోర్డు సమావేశాలకు తీసిపోవు.

"టర్బో లేకపోతే ఘాట్ రోడ్డు మీద లారీ వెనకాలే పాకాలి నాన్నగారూ" అని వాడు. అనంతగిరి మీదుగా అరకు వెళ్ళిన రోజున వాడి మాట కొంత నిజమని ఒప్పుకోవలసి వచ్చినది. బ్రెజ్జా ఇంజను తన పూర్తి లాగుడు బలమైన 136.8 న్యూటన్ మీటర్లను నిమిషానికి 4,400 చుట్ల వద్ద ఇచ్చును. నెక్సాన్ పెట్రోలు ఇంజను 170 న్యూటన్ మీటర్లను 1,750 చుట్ల నుంచే ఇచ్చును. ఐదుగురితో మలుపులో నెమ్మదించి మరల ఎక్కునపుడు ఈ తేడా తెలియును. చదునైన రోడ్డు మీద మాత్రం బ్రెజ్జా నడక మాకే ఎక్కువ నచ్చినది. ఇప్పటికీ ఆ అభిప్రాయం మారలేదు.

డీజిలు గూర్చి రెండు మాటలు. మారుతి వారు 2020లో డీజిలు కార్లను మానివేశారు; నెక్సాన్‌లో ఉన్నది. దాని 260 న్యూటన్ మీటర్ల బలం చూచి మనసు పడనివారుండరు. అయితే బి.ఎస్.-6 డీజిలు బండ్లలో మసిని పట్టి ఉంచు జల్లెడ ఉండును. బండి వేడెక్కి కొంత దూరం వేగముగా నడచినపుడే ఆ మసి కాలిపోవును. క్వార్టరు నుంచి ప్లాంటు గేటుకు, అక్కడినుంచి కూరగాయల బజారుకు తిరుగు బండిలో జల్లెడ పూడుకొనిపోవును. మన టౌన్‌షిప్ మిత్రులలో అధికులకు డీజిలు వలదనియే మా సలహా. గ్యాసు బండి కూడ రెండు కంపెనీలలోను కలదు గాని, మా ఊరి దారిలో గ్యాసు నింపుకొను సౌకర్యం మాకు కుదరలేదు.

పెట్రోలు ఖర్చు చూద్దము. మాకు టౌన్‌షిప్‌లో నెలకు 200 కిలోమీటర్లు, ఊరికి రెండుసార్లు రానుపోను 400, వెరసి సంవత్సరానికి 7,200 కిలోమీటర్లు. లీటరుకు బ్రెజ్జా 15, నెక్సాన్ 13 ఇచ్చునని అనుకొన్నాము. ఇవి కంపెనీ అంకెలు కావు, వాడుచున్న పరిచయస్థులను అడిగి వేసుకొన్న అంచనాలు. 480 లీటర్లకు, 554 లీటర్లకు తేడా 74. లీటరు 110 రూపాయల చొప్పున ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు. ఎనిమిదేళ్ళు వాడినను అరవై ఐదు వేలే. పన్ను వలన వచ్చు తేడాలో అది సగం కూడ కాదు. ఈ లెక్క కాగితం మీద పెట్టిన పిమ్మట మా పక్షం కొంత బలహీనపడినది. మా చిన్నవాడు ఏమీ అనకుండా మజ్జిగ పోసుకొన్నాడు.

ఇక అమ్మను తీసుకొనివెళ్ళిన రోజు. మిత్రులారా, బండిలో ఎవరు వెనుక కూర్చుండెదరో వారిని షోరూముకు తప్పక వెంటబెట్టుకొని వెళ్ళండి. అందరూ ముందు సీటులో కూర్చుండి స్టీరింగు త్రిప్పి చూచి మురిసి వచ్చుచున్నారు. బ్రెజ్జా ఎత్తు 1,685 మిల్లీమీటర్లు, నెక్సాన్ ఎత్తు 1,620. ఆరున్నర సెంటీమీటర్ల ఈ తేడా కాగితం మీద అల్పముగా తోచును. అమ్మకు మోకాళ్ళు సరిగా వంగవు. బ్రెజ్జా కప్పు వెనుక వరకు దాదాపు సమముగా పోవుటచే ఆమె తల అంతగా వంచకుండనే కూర్చున్నది. నెక్సాన్ కప్పు వెనుకకు వాలి ఉండుటచే కొంత వంగవలసి వచ్చినది. అడుగు కూడ కొంచెం పైకి వేయవలసినది. కూర్చున్న తరువాత తొడల క్రింద ఆసరా బాగున్నదని ఆమెయే చెప్పినది. "ఎక్కడమే గాని కూర్చుంటే బాగానే ఉందిరా" అన్నది.

ఆమె ప్రక్కన నాలుగేళ్ళ మా మనుమరాలు కూర్చున్నది. నిర్ణయం అక్కడ జరిగినదనుకొంటాము.

నెక్సాన్ 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొను పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు పొందినది. భారతీయ కార్లలో ఆ ఘనత దానిదే మొదట. పిల్లల రక్షణకు అప్పుడు మూడే వచ్చినవి. 2024లో మరింత కఠినమైన పద్ధతిలో పరీక్షించగా పెద్దలకు, పిల్లలకు కూడ ఐదేసి వచ్చినవి. అదే సంవత్సరం మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలోను ఐదు వచ్చినవి. బ్రెజ్జాకు 2018లో పెద్దలకు నాలుగు, పిల్లలకు రెండు వచ్చినవి. కాని అది పాత నమూనా. 2022 నాటి బండికి ఆ అంకెను అంటగట్టుట న్యాయం కాదు. 2025 ఫిబ్రవరి నుంచి బ్రెజ్జా అన్ని రకాలలోను ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చుచున్నారన్నది కూడ చెప్పవలెను. అయినను, పరీక్ష వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి ఒకడు ఎదుట ఉండగా, మనుమరాలి విషయంలో మేము ఆ మార్కులనే నమ్మదలచాము.

నక్షత్రాలు ఎన్ని ఉన్నను వెనుక బెల్టు పెట్టుకొననిచో వ్యర్థం. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ వద్ద సైరస్ మిస్త్రీ గారు మరణించినది ఎంతో ఖరీదైన కారు వెనుక సీటులో, బెల్టు లేకుండ కూర్చున్నపుడే. ఒడిలో పిల్లను కూర్చుండబెట్టుకొను అలవాటు మన ఇండ్లలో ఇంకను పోలేదు. మేము బండితోబాటే పిల్లల సీటు కూడ కొన్నాము. మొదటి రోజు ఏడ్చినది, మూడవ రోజునుంచి అది తన సింహాసనమని చెప్పుచున్నది.

ఆ విధముగా 2025 కార్తీకమాసంలో నెక్సాన్ పెట్రోలు, ఆరు గేర్ల మాన్యువల్ బండి ఇంటికి వచ్చినది. కొటేషనులో "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అను పద్దు కనిపించినచో అదేమిటో వ్రాతపూర్వకముగా చెప్పమని అడగండి. మేము అడిగిన వెంటనే కొట్టివేశారు. బీమా వారి వద్దనే తీసుకోవలెనన్న నియమం లేదు. బయట కూడ విచారించి చూడండి. చాసిస్ నంబరు ద్వారా తయారైన నెల తెలుసుకొన్న పిమ్మటనే మిగిలిన పైకం చెల్లించండి. అప్పు ఐదేళ్ళకు తీసుకొన్నాము. మూడేళ్ళు జీతం, మిగిలినది గ్రాట్యుటీ.

అమ్మ ఎక్కుటకు మా ఊరి వడ్రంగి చేత ఆరంగుళాల ఎత్తు టేకు పీట ఒకటి చేయించాము. జారకుండ పైన పాత సైకిలు టైరు ముక్క కొట్టించాము. నెక్సాన్ సామానుల అర 382 లీటర్లు, బ్రెజ్జాది 328. ఆ అధికముగా వచ్చిన 54 లీటర్లలో ఇప్పుడా పీట ఉంటున్నది. మొన్న ఊరికి వెళ్ళినపుడు గెడ్డ కల్వర్టు ఏ తాకిడీ లేకుండ దాటాము. బండి ఆపగానే మనుమరాలు దిగి, పీట తీసి తలుపు వద్ద వేసి, "దిగు ముసలమ్మా" అన్నది. అమ్మ దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి దిగినది.