మీ ప్రశ్న - మా జవాబు: పేరు చెప్పుకోవచ్చునా?

రాజంపేట నుంచి ఒక పాఠకుడు వ్రాస్తున్నారు: "పాత కంప్యూటర్లు బాగుచేసి, వాటిలో లినక్స్ వేసి, కాలేజీ పిల్లలకు తక్కువ ధరకు యిచ్చే చిన్న దుకాణం నాది. 'ఇచ్చట లినక్స్ వేయబడును' అని బోర్డు వ్రాయిస్తుంటే, అది రిజిస్టరయిన పేరనీ, నోటీసు వస్తుందనీ ఒక మిత్రుడు భయపెట్టాడు. బోర్డు సగంలో ఆగిపోయింది. ఏం చేయమంటారు?"

జవాబు: మిగతా సగం వ్రాయించండి.

మీ మిత్రుని మాటలో కొంత నిజం లేకపోలేదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పేరు సంగతి వేరు. అమెరికాలో మరొకాయన ఆ పేరును తన పేర రిజిస్టరు చేయించుకోగా, తగాదా నడిచి, 1997లో అది టోర్వాల్డ్స్ చేతికి వచ్చింది. సరుకు అందరిదీ, పేరు ఒకరిదీ అన్నమాట.

పేరు ఒకరిదైనంత మాత్రాన ఇతరులు దానిని పలకనే కూడదని కాదు. వస్తువు రకాన్నో, గుణాన్నో, ప్రయోజనాన్నో తెలపడానికి నిజాయితీగా పేరు వాడితే తప్పులేదని మన 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 30వ సెక్షను చెబుతున్నది. సెల్‌ఫోను రిపేరు చేసేవాడు ఆ ఫోను పేరు చెప్పకుండా తన పని ఎలా చెప్పుకుంటాడు?

తాళ్లపాక మీకు పొరుగే గదా! అన్నమయ్య కీర్తనలు పాడే గాయకుడు ఆ మాట కరపత్రంలో వేసుకుంటే కాదనేవారు లేరు. తాను కట్టిన పాటను అన్నమయ్యదని చెబితేనే పేచీ.

మీరు చూసుకోవలసినవి కొన్ని వున్నాయి. 'రాజంపేట లినక్స్' అని మీ వ్యాపారానికే పేరు పెట్టదలిస్తే లినక్స్ ఫౌండేషన్ అనుమతి కావాలి. అది ఉచితంగానే యిస్తారు. 'అధికార ఏజెంటు' అని మాత్రం వ్రాయకండి. సరుకులో మీరేమైనా మార్పులు చేస్తే ఆ సంగతి చెప్పండి. డెబియన్ వారు ఫైర్‌ఫాక్స్‌ను తమ మార్పులతో పంచుతుంటే, 2006లో మొజిల్లా వారు పేరు విషయమై అభ్యంతరం చెప్పారు. డెబియన్ వారు దానికి ఐస్‌వీజెల్ అని పేరు మార్చుకున్నారు. 2016లో గాని పాత పేరు తిరిగి రాలేదు.

పేరును నమ్మి డబ్బిచ్చిన పిల్లవాడు మోసపోకూడదు. చట్టం మీనుంచి కోరేది అంతే. 'ఇచ్చట లినక్స్ వేయబడును' అన్న మాటలో మోసమేమీ లేదు. దానికి పైన మీ దుకాణం పేరు పెద్ద అక్షరాలలో వ్రాయించి, నిశ్చింతగా పని చేసుకోండి.