గడపనుండి కొలువవలసిన దూరము

చెన్నపురినుండి కువైటునకు ఆకాశమార్గమున దూరము సుమారు 3,800 కిలోమీటర్లు. విమానమిది ఇంచుమించు ఐదు గంటలలో దాటుచున్నది. నెల్లూరు జిల్లా పడమటి సీమయందలి ఉదయగిరినుండి నెల్లూరుమీదుగా చెన్నపురికి సుమారు 275 కిలోమీటర్లు. బస్సులు మాఱుచు, వానికై కాచుకొనుచు పోవు ప్రయాణికునకు ఈ దారియందు ఏడెనిమిది గంటలు గడచుట వింతగాదు. పదమూడు రెట్లకు మించిన దూరము సముద్రముమీదుగా ముందే ముగియుచుండగా, నేలమీది కొలదిపాటి దారియే పెద్దదగుచున్నది. ఈ వైపరీత్యమును పాలకులు గుర్తింపవలయునని మా అభిప్రాయము.

టిక్కెట్టుమీద కనుపించు కాలమును సయితము తెలిసి చదువుకొనవలసియున్నది. కువైటు గడియారము మనదానికంటె రెండున్నర గంటలు వెనుక. అర్ధరాత్రమున అచట బయలుదేఱి ఐదు గంటలు ఎగిరివచ్చిన విమానము చెన్నపురియందు ఉదయము ఏడున్నరకు దిగును. పోవునపుడో, రెండున్నర గంటలే యయినట్లు తోచును. శీతకాలమున మిక్కిలి ఎత్తున పడమటినుండి వీచు గాలులు తూర్పునకు వచ్చు విమానమును త్వరపెట్టును, ఎదురుపోవుదానిని నిలువరించును. ఈ లెక్కలన్నియు విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకే. గడపనుండి గడపకు లెక్కించు గడియారము నెవరును చూపుట లేదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములయందలి మెట్టపొలములు వానను నమ్ముకొన్నవి. జీవనార్థము కువైటు మొదలగు దేశములకు పోవువారు ఈ సీమలో కలరు. తండ్రి మంచము పట్టెనను వార్త ఎడారిలోని కుమారునకు క్షణములో చేరును. అతడు తెల్లవారునప్పటికి మీనంబాకమున దిగగలడు. అటుపిమ్మట ఊరు చేరుటకే ఒక పగలు కావలయును. అతని సంగతి యటుండనిండు. గుండెనొప్పి వచ్చిన రైతును, ప్రసవవేదన పడు స్త్రీని ఉదయగిరినుండి నెల్లూరు పెద్ద ఆస్పత్రికి గొనిపోవుటకును సుమారు నూఱు కిలోమీటర్ల ఈ బాటయే దిక్కు. వారికి కాలమనగా ప్రాణము.

1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గముపై దండెత్తి, 1514లో గజపతులనుండి దానిని గెలిచెను. నాడు రాజైనను బంటైనను పశువుల వేగమునకో, కాలినడకకో లోబడవలసినవాడే. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపా విమానమును నడపెను. ఆ టపా మదరాసువఱకు సాగెను. నాటినుండి ఆకాశము కుదించుకొనుచునే యున్నది. నేల యట్లు కుదించుకొనలేదు. మదరాసు–బెజవాడ రైలుమార్గము తీరమును పట్టి గూడూరు, నెల్లూరు, కావలి పట్టణములను తాకిపోయెను. పడమటి సీమ దాని కూత వినలేదు.

ఆత్మకూరుమీదుగా 67వ జాతీయ రహదారి పోవుచున్నమాట నిజము. 2011–12లో మంజూరైన నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గము, సుమారు 309 కిలోమీటర్లది, ఆత్మకూరును కలుపవలసినది; అది నేటికిని సంపూర్తి కాలేదు. దగదర్తియందు 2019లో శంకుస్థాపన జరిగిన విమానాశ్రయము ఇంకను రెక్క విప్పలేదు. విమానాశ్రయము వలదని మేమనుట లేదు. అది వచ్చినను, అచటికి పోవు బాటయు బస్సును లేనిచో ఉదయగిరివానికి దానివలన కలుగు మేలు స్వల్పము.

కావున మేము కోరునది మూడు సంగతులు. రైలుమార్గమును ఏ తేదీకి ముగింతురో ప్రజలకు చెప్పి, ఆ మాట నిలుపుకొనవలయును. ఉదయగిరి, ఆత్మకూరులనుండి విమానముల వేళలకు సరిపడునట్లు రాత్రింబగళ్లు బస్సులు నడుపవలయును. ప్రాణాపాయ సమయమున నెల్లూరికి పరుగెత్తనక్కఱలేని వైద్యము ఈ రెండు పట్టణములయందే కల్పింపవలయును. ఇకమీదట ఏ నగరము ఎంత దగ్గఱయో ప్రకటించు నధికారులు ఆ లెక్కను ఉదయగిరి గడపనుండి ఆరంభింపవలయును. అప్పుడుగాని అది ప్రజల లెక్క కానేరదు.